దసలి పోగు, లక్క ఎరుపు

జంషెడ్‌పూర్ అనగానే మనకు గుర్తొచ్చేది ఉక్కు. సువర్ణరేఖ, ఖర్కాయీ నదులు కలిసే చోట సాక్చీ అనే పల్లె ఉండేది. 1907లో ఏర్పడిన టాటా ఇనుము, ఉక్కు కంపెనీ 1912లో ఇక్కడే తొలి ఉక్కును పోత పోసింది. 1919లో ఈ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి పనికోసం వెళ్ళి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కాబట్టి ఈ నగరం మనకు కొత్తది కాదు.

అయితే ఈ నగరం ఎవరి పేరు పెట్టుకుందో ఆ జంషెట్‌జీ టాటా మొదట నూలు మనిషి. 1877 జనవరి 1న నాగపూర్‌లో ఎంప్రెస్ మిల్లును ప్రారంభించి ఆయన పారిశ్రామికుడిగా నిలదొక్కుకున్నారు. ఈజిప్టు పత్తిని మన దేశంలో పండించాలని ప్రయత్నించారు. జపాను నిపుణుల సాయంతో బెంగళూరులో పట్టుపురుగుల క్షేత్రం పెట్టించారు. 1904లో కన్నుమూశారు కనుక ఉక్కు నగరాన్ని ఆయన చూడలేదు.

ఆ నగరం వెలిసిన సింగ్‌భూమ్ అడవుల్లో ఉక్కు రాకముందు నుంచీ రెండు పురుగుల మీద బతుకులు సాగుతున్నాయి. ఒకటి దారం ఇస్తుంది, రెండోది రంగు ఇస్తుంది. మొదటిది దసలి పట్టుపురుగు. హిందీ ప్రాంతాల్లో దీన్ని తసర్ అంటారు. రెండోది లక్క పురుగు. దారమూ రంగూ ఒకే అడవిలో దొరికినా, ఒకదాన్ని మరొకదానికి పట్టించడం తేలిక కాలేదు. ఎందుకు? ఆ రంగు చివరకు కాలువ పాలెందుకైంది? ఈ రెండు ప్రశ్నల్లో మొదటిదానికి రసాయన శాస్త్రం జవాబు చెబుతుంది, రెండోదానికి చరిత్ర చెబుతుంది.

సామర్లకోట వైద్యుడు

ఈ రెండు పురుగుల గురించి శాస్త్రీయంగా రాసిన తొలి వారిలో ఒకాయన మన సామర్లకోటలో ఉండేవాడు. ఆయన పేరు విలియం రాక్స్‌బర్గ్. ఈస్టిండియా కంపెనీలో వైద్యుడిగా 1776లో మద్రాసు వచ్చి, 1780లలో సామర్లకోటలో ఉద్యోగం చేస్తూ మొక్కల పరిశీలనలో మునిగిపోయాడు. లక్క పురుగు మీద ఆయన రాసిన వ్యాసం 1791లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. అంతకు పదేళ్ళ ముందు, 1781లో, ఇదే పత్రికలో జేమ్స్ కెర్ అనే ఆయన లక్క పురుగు గురించి రాశాడు. నేడు ఈ పురుగు శాస్త్రీయ నామం కెరియా లక్కా. ఆ పేరులో మొదటి సగం కెర్‌ది, రెండో సగం మన లక్కది.

కోరమాండల్ తీరపు మొక్కల మీద రాక్స్‌బర్గ్ తెచ్చిన గ్రంథం 1795 నుంచి వెలువడింది. అందులో చిరివేరు మొక్కను వర్ణించి, దాని వేళ్ళతో నూలు బట్టకు ఎరుపు అద్దే తీరును కూడా రాశాడు. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్ళిన తర్వాత ఆయన దృష్టి దసలి పురుగు మీద పడింది. దాని మీద రాసిన వ్యాసం 1804లో లండన్ లిన్నేయన్ సొసైటీ ప్రచురణల్లో వచ్చింది.

లక్క, చిరివేరు, దసలి అనే ఈ మూడింటినీ ఒకే మనిషి పట్టించుకోవడం యాదృచ్ఛికం కాదు. అప్పట్లో కంపెనీ లాభాలకు బట్టలు, రంగులు ప్రధానం. కానీ ఆయన రాసిన సంగతుల్లో చాలా భాగం అడవి మనుషులకు, అద్దకందారులకు తరతరాలుగా తెలిసినవే. శాస్త్రం వాటిని కాగితం మీదికి తెచ్చింది.

పోగులో ఏముంది?

పోగుకూ రంగుకూ ఉన్న సంబంధం తెలియాలంటే ముందు పోగు దేనితో తయారైందో తెలియాలి. ఇందుకు ఒక పాత పరీక్ష ఉంది. నూలు పోగును మంటలో పెడితే కాగితం కాలిన వాసన వస్తుంది, తెల్లని బూడిద మిగులుతుంది. పట్టు పోగును పెడితే వెంట్రుక కాలిన కమురు వాసన వస్తుంది, నల్లని పూస మిగులుతుంది, నలిపితే పొడి అవుతుంది. పిల్లలు ఈ పరీక్షను పెద్దల ఎదుటే చేయాలి.

వాసనలో తేడాకు కారణం వాటి రసాయన నిర్మాణం. నూలు మొక్క నుంచి వచ్చింది. అది సెల్యులోజ్. చక్కెర అణువులు గొలుసుగా కట్టిన పదార్థం. పట్టు, ఉన్ని జంతువుల నుంచి వచ్చినవి. అవి మాంసకృత్తులు, అంటే ఎమైనో ఆమ్లాల గొలుసులు. ఈ గొలుసుల మీద నైట్రోజన్ ఉన్న ఎమైనో గుంపులు అక్కడక్కడా ఉంటాయి. కొద్దిగా పులుపు ఉన్న నీటిలో ఆ గుంపులు ధన విద్యుదావేశం పొందుతాయి. ఆమ్ల స్వభావం ఉన్న రంగుల అణువులకు రుణ విద్యుదావేశం ఉంటుంది. రెండూ ఆకర్షించుకుంటాయి. అందుకే పట్టు ఇలాంటి రంగును నేరుగా తాగుతుంది. నూలుకు ఇలాంటి గుంపులు లేవు. పైగా నీటిలో నూలు పోగు స్వల్పంగా రుణ ఆవేశమే పొందుతుంది. అలాంటి రంగును దగ్గరకు రానీయదు.

పట్టులన్నీ కూడా ఒకటి కావు. మల్బరీ పట్టుపురుగును ఇంట్లో తట్టల్లో పెంచుతారు. దసలి పురుగును ఇప్పటికీ అడవి చెట్ల మీదే పెంచాలి. నల్లమద్ది, తెల్లమద్ది, సాల చెట్ల ఆకులు దాని మేత. కాకులు, చీమలు తినకుండా రైతు కుటుంబం చెట్ల కింద కాపలా కాయాలి. మన వైపు మహదేవ్‌పూర్, చెన్నూరు అడవుల్లోనూ దసలి పెంపకం ఉంది.

దసలి పట్టుకాయ గట్టిగా, కాడతో, కోడిగుడ్డులా ఉంటుంది. పోగుల్ని అంటిపెట్టుకున్న జిగురును సెరిసిన్ అంటారు. మల్బరీ గూడును వేడినీటిలో వేస్తే జిగురు మెత్తబడి దారం వచ్చేస్తుంది. దసలి కాయ అంత తేలిగ్గా లొంగదు. దాని జిగురులో ఆకుల నుంచి వచ్చిన టానిన్ల వంటి పదార్థాలు, కాల్షియం లవణం కలిసి గట్టిపడి ఉంటాయి. అందుకే బూడిద నీటిలోనో సోడా నీటిలోనో ఉడికిస్తారు. మరి లోపలి చిలుక ఎలా బయటికొస్తుంది? 1964లో కఫాటోస్, విలియమ్స్ అనే శాస్త్రజ్ఞులు దసలి జాతికి దగ్గరి చిలుకల్లో దీని రహస్యాన్ని వివరించారు. చిలుక ఒక ఎంజైమును స్రవించి గూడు కొనను మెత్తబరుచుకుంటుంది. దాని పేరు కొకూనేజ్. క్షారంతో ఉడికించడానికి బదులుగా దీన్ని వాడే ప్రయత్నాలు మన పట్టు పరిశోధకులూ చేశారు.

దారంలోనూ తేడాలున్నాయి. 9,000 మీటర్ల పోగు బరువు ఎన్ని గ్రాములో దాన్ని డెనియర్ అంటారు. మల్బరీ పోగు 2 నుంచి 3 డెనియర్లుంటే దసలి పోగు సాధారణంగా 8 నుంచి 12 ఉంటుంది. అడ్డంగా కోసి చూస్తే మల్బరీ పోగు ముక్కోణంగా, దసలి పోగు చదునుగా కనిపిస్తుంది. చదునైన పోగు మీద వెలుగు పడి మెరిసే తీరే వేరు. దానికి పుట్టుకతోనే తేనె, గోధుమ రంగులు కలిసిన ఛాయ ఉంటుంది. ఈ ఛాయ అందమైనదే. కానీ మరో రంగు వేస్తే దానితో కలిసి, అనుకున్న రంగు రాకుండా చేస్తుంది. అణువుల గొలుసుల కూర్పు కూడా మల్బరీకి భిన్నం. కాబట్టి రంగు లోపలికి ఇంకడం ఆలస్యం.

లక్కలోని ఎరుపు

లక్క పురుగులు మోదుగ, రేగు, కుసుం చెట్ల లేత కొమ్మల మీద గుంపులుగా అతుక్కుని రసం పీలుస్తాయి. కుసుం అంటే నూనెగింజల కుసుమ కాదు. మన అడవుల్లో పుసుగు అనే పెద్ద చెట్టు. పురుగులు తమ ఒంటిపై జిగురును స్రవించుకుని దాని కిందే బతుకుతాయి. ఈ జిగురే మనం వాడే లక్క. రంగు మాత్రం జిగురులో కాదు, ఆడపురుగు ఒంట్లో ఉంటుంది. కొమ్మల నుంచి గీకిన లక్కను దంచి నీటితో కడిగితే ఎరుపు నీటిలోకి దిగుతుంది. లక్క బరువులో ఈ రంగు సుమారు ఒక శాతం మాత్రమే.

ఈ రంగులోని పదార్థాలను లక్కాయిక్ ఆమ్లాలు అంటారు. మెక్సికోలో జెముడు మొక్కలపై పెరిగే కొచినీల్ పురుగులోని ఎరుపు, మన చిరివేరులోని ఎరుపు, లక్కలోని ఎరుపు, మూడూ ఆంథ్రాక్వినోన్ అనే ఒకే రసాయన కుటుంబానికి చెందినవి. చిరివేరులోని ఎలిజరిన్ నీటిలో దాదాపు కరగదు. లక్క ఎరుపుకు ఆమ్ల గుంపులు ఎక్కువ, కనుక నీటిలో కరుగుతుంది. పట్టుకూ ఉన్నికీ పడుతుంది.

అయినా ఉతికితే నిలవాలంటే మధ్యవర్తి కావాలి. లోహపు లవణం ఒకవైపు పోగును, మరోవైపు రంగు అణువును పట్టుకుంటుంది. దీన్ని వర్ణబంధకం అంటారు. మన అద్దకందారులకు తెలిసిన పటిక అలాంటిదే. అందులో అల్యూమినియం ఉంది. వర్ణబంధకం మారితే రంగే మారిపోతుంది. లక్క నీటిలో పటికతో చెంగావి, కెంపు రంగులు వస్తాయి. తగరపు లవణంతో మండే ఎరుపు వస్తుంది. ఇనుముతో ఊదా, బూడిద ఛాయలు వస్తాయి. కలంకారీలో నల్ల గీతలకు తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్ళలో నానబెట్టేది కూడా ఇందుకే. ఆ నీటిలోని ఇనుము కరక్కాయలోని టానిన్‌తో కలిసి నల్లబడుతుంది. ఎర్రరంగు వేసేవాడు మాత్రం ఇనుప పాత్ర దగ్గరకు కూడా పోడు. ఇనుము కొంచెం కలిసినా ఎరుపు మాసిపోతుంది.

చేతి అద్దకంలో క్రమం ఇలా ఉంటుంది. దారాన్ని చిలపలుగా చుట్టి, చిక్కుపడకుండా వదులుగా కడతారు. జిగురు, మురికి పోయేలా ఉడికిస్తారు. పటిక నీటిలో నానబెట్టి పిండుతారు. తర్వాత గోరువెచ్చని లక్క నీటిలో దించి, మెల్లగా వేడి పెంచుతూ చిలపను తిప్పుతూ ఉంటారు. వేడి ఒక్కసారి పెంచితే పైపొరలు రంగును లాగేసుకుని లోపలి పోగులు పాలిపోతాయి. తిప్పడం ఆపితే మచ్చలు పడతాయి. ఇందులో దేనికీ గడియారం లేదు, ఉష్ణమాపకం లేదు. వేలితో నీటి వేడిని, కంటితో రంగును, నాలుకతో నీటి పులుపును కొలిచేవారు.

నూలుకు ఎరుపు పట్టించిన తెలుగువారు

పట్టుకు లక్క ఉంది. మరి ఏ రంగునూ దగ్గరకు రానీయని నూలుకు ఎరుపు ఎలా? ఈ చిక్కును మన కోస్తా తీరం విప్పింది. 1606లో డచ్చివారు నిజాంపట్నంలోనూ, 1611లో ఇంగ్లీషువారు మచిలీపట్నంలోనూ వర్తకం మొదలుపెట్టడానికి ప్రధాన కారణాల్లో ఈ రంగు బట్టలు ఒకటి. ఇసుక నేలల్లో, గవ్వల సున్నం కలిసిన చోట పెరిగే చిరివేరు మంచి ఎరుపు ఇస్తుందని ఇక్కడివారికి తెలుసు. ఎలిజరిన్ ఎరుపు బలంగా కుదరాలంటే అల్యూమినియంతోపాటు కాల్షియం కూడా కావాలని తర్వాతి రసాయన శాస్త్రం చెప్పింది.

చీరాల తేలియా రుమాళ్ళు ఇంకో మెట్టు. అక్కడ బట్టకు కాదు, నేయకముందే నూలుకు రంగు వేస్తారు. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీటిలో మార్చి మార్చి రోజుల తరబడి నానబెట్టి ఎండబెడతారు. బూడిదలోని క్షారం నూనెను విడగొట్టి కొవ్వు ఆమ్లాలుగా మారుస్తుంది. అవి పోగుల్లో ఇంకి అల్యూమినియాన్ని పట్టుకుంటాయి, అల్యూమినియం ఎరుపును పట్టుకుంటుంది. సెల్యులోజ్‌కు లేని చేతులను నూనె తెచ్చి పెడుతుందన్నమాట. ఈ పని నేడు పుట్టపాకలో సాగుతోంది. 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు లభించింది.

అడవి పట్టును లొంగదీసిన వార్డిల్

దసలి చిక్కును ఆధునిక శాస్త్రం దృష్టికి తెచ్చినవాడు థామస్ వార్డిల్. ఇంగ్లండ్‌లోని లీక్ పట్టణంలో ఆయనకు అద్దకపు కర్మాగారం ఉండేది. దసలి దారం చవకగా, గట్టిగా ఉన్నా రంగు సరిగా పట్టడం లేదని యూరప్ వర్తకులు దాన్ని పక్కన పెట్టేవారు. వార్డిల్ ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేసి, దాని సహజ ఛాయను తగ్గించి, రంగు పట్టించే పద్ధతులు కనిపెట్టాడు. 1878 పారిస్ ప్రదర్శనలో దసలి బట్టలు చూపించాడు. 1881లో భారతీయ అడవి పట్టుల మీద ఒక చేతి పుస్తకం ప్రచురించాడు. ప్రసిద్ధ కవి, కళాకారుడు విలియం మోరిస్ కృత్రిమ రంగులతో విసిగి, 1870లలో సహజ రంగుల అద్దకం నేర్చుకోవడానికి ఆయన దగ్గరికే వెళ్ళాడు.

భారతీయ రంగు పదార్థాలను పరీక్షించే పని కూడా వార్డిల్‌కు అప్పగించారు. ఒక్కో మొక్కతో, ఒక్కో వర్ణబంధకంతో, వేర్వేరు పోగుల మీద అద్దిన మూడు వేలకు పైగా నమూనాలను 15 సంపుటాలుగా కూర్చాడు. ఆ సంపుటాలు కోల్‌కతాలో భారత వృక్ష పరిశీలన సంస్థ దగ్గర భద్రంగా ఉన్నాయి. ఒకే రంగు నూలు మీద ఒకలా, మల్బరీ మీద ఒకలా, దసలి మీద ఇంకొకలా ఉంటుందని వాటిలో కంటితో చూడవచ్చు. అయితే ఆ సంపుటాల మీద వార్డిల్ పేరు ఉంది. కాయలు ఏరిన హో, సంతాల్ కుటుంబాల పేర్లు, లక్క కడిగిన చేతుల పేర్లు ఎక్కడా లేవు.

తలకిందులైన సరుకు

వార్డిల్ ఈ నమూనాలు కూర్చేనాటికే సహజ రంగుల కాలం ముగుస్తోంది. 1856లో 18 ఏళ్ళ పెర్కిన్ తారు నుంచి ఊదా రంగు తయారుచేశాడు. 1868లో జర్మనీలో గ్రేబె, లీబెర్‌మాన్ ఎలిజరిన్‌ను కృత్రిమంగా తయారుచేశారు. కొన్నేళ్ళకే అది మార్కెట్‌ను ముంచెత్తింది. 1897లో కృత్రిమ నీలిమందు వచ్చింది. చిరివేరు తవ్వేవారికి, నీలిమందు పండించేవారికి, లక్క రంగు తీసేవారికి ఒకరి తర్వాత ఒకరికి గిరాకీ పోయింది.

లక్క విషయంలో జరిగింది విచిత్రం. 19వ శతాబ్దం ఆరంభంలో లండన్‌కు పోయిన విలువైన సరుకు లక్క రంగు. ఖరీదైన కొచినీల్‌కు బదులుగా దాన్ని వాడేవారు. కృత్రిమ రంగులు వచ్చాక రంగుకు విలువ పోయి జిగురుకు విలువ పెరిగింది. 1890లలో గ్రామఫోన్ రికార్డులు లక్కతో చేయడం మొదలయ్యాక గిరాకీ ఇంకా హెచ్చింది. అంతవరకు సరుకైన ఎరుపు, లక్కను కడిగి పారబోసే మురికినీరు అయింది. లక్క పరిశోధనకు 1924లో రాంచీ దగ్గరి నామ్‌కుమ్‌లో ఒక సంస్థ వెలిసింది. తర్వాత పేర్లు మారినా అది అక్కడే పనిచేస్తోంది. కానీ అది వెలిసేనాటికే లోకానికి కావలసింది జిగురు, రంగు కాదు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. చీరాలలో చిరివేరు పోయినా నూనె పద్ధతి పోలేదు. నేతగాళ్ళు వేరుకు బదులు కృత్రిమ ఎలిజరిన్ వాడుకున్నారు. ఎందుకంటే రంగు ఎక్కడి నుంచి వచ్చినా నూలు నూలే, దాని చిక్కు అదే. సింగ్‌భూమ్‌లో కూడా లక్క రంగు పోయింది గాని దసలి పోగును లొంగదీసే నేర్పు పోలేదు. రంగులు వస్తాయి, పోతాయి. పోగు గురించిన జ్ఞానం మాత్రం ఏ రంగుకైనా పనికొస్తుంది.

నేటి లెక్క

2000లో జార్ఖండ్ రాష్ట్రం ఏర్పడింది. దేశంలో దసలి పట్టు అత్యధికంగా పండేది అక్కడే. 1964లో రాంచీలో వెలిసిన కేంద్ర తసర్ పరిశోధన, శిక్షణ సంస్థ రోగాలు లేని గుడ్లను అందించడం మీద, పెంపకం పద్ధతుల మీద పనిచేస్తోంది. జంషెడ్‌పూర్ పక్కనే ఉన్న ఖర్సావాన్, కుచాయ్ ప్రాంతాలు దసలికి పేరుపొందాయి. 2006లో ఏర్పడిన ఝార్‌క్రాఫ్ట్ ఈ బట్టలను నగరాల్లో అమ్ముతోంది.

కానీ ఈ దారం వెనక ఒక బాధ చాలాకాలం ఎవరికీ పట్టలేదు. ఉడికించిన కాయల నుంచి పోగులు లాగి, స్త్రీలు తమ తొడ మీద అరచేత్తో దొర్లించి పురిపెట్టేవారు. గంటల తరబడి క్షారపు తడితో తొడ చర్మం పుళ్ళు పడేది. చేతికి వచ్చే కూలి స్వల్పం. ఈ పద్ధతిని మాన్పించాలని కేంద్ర పట్టు మండలి 2017లో 'బునియాద్' అనే దారం తీసే యంత్రాన్ని ప్రవేశపెట్టింది. చేతి పని అంటే గౌరవం ఉండాల్సిందే. అయితే చర్మాన్ని చీల్చే పనిని సంప్రదాయం పేరుతో మెచ్చుకోవడం న్యాయం కాదు.

సహజ రంగుల మీద ఆసక్తి మళ్ళీ పెరిగింది. కేన్సర్ కలిగించే పదార్థాలుగా విడిపోయే కొన్ని అజో రంగులను జర్మనీ 1990లలో నిషేధించింది. 1997లో భారత ప్రభుత్వమూ నిషేధించింది. లక్క కడిగిన నీటి నుంచి రంగును తిరిగి తీయవచ్చు. పారబోసేదే పనికొస్తుంది కనుక అది గిట్టుబాటు కాగల మార్గం. అయితే సహజమైనదంతా మంచిదని అనుకోనక్కరలేదు. సహజ రంగుకు కూడా క్రోమియం, రాగి లవణాలను బంధకాలుగా వాడితే కాలువ విషమవుతుంది. నీరు, కట్టెలు ఎక్కువే ఖర్చవుతాయి. పటికతో, లెక్క ప్రకారం చేస్తేనే లాభం.

అన్నిటికన్నా ముఖ్యమైనది చెట్టు. మద్ది, సాల చెట్లు లేకపోతే దసలి లేదు. మోదుగ, కుసుం చెట్లు లేకపోతే లక్క లేదు. ఉక్కు, గనులు, పట్టణాలు పెరిగే కొద్దీ ఆ అడవి తరుగుతోంది. ఇనుపగని ఒకసారి తవ్వితే అయిపోతుంది. మద్దిచెట్టు మీద కాయలు మాత్రం ఏటేటా వస్తాయి. ఈ లెక్కను అక్కడి అడవి కుటుంబాలకు ఎవరూ నేర్పనక్కరలేదు. వారు పండించే కాయకూ గీకే లక్కకూ న్యాయమైన ధర దక్కితే, ఆ చెట్లను కాపాడే పని కూడా వారే చేసుకుంటారు.